మొదటి హోమ్ రన్ కొట్టి బ్యాట్ ఎగరేశాడు, అప్పట్నుంచి ఇంట్లో గొడవలే

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 12 ఏళ్లు, లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడతాడు. పోయిన శనివారం మ్యాచ్‌లో మొట్టమొదటిసారి బాల్‌ని ఫెన్స్ దాటించాడు. కొట్టి అక్కడే నిలబడి బాల్ పడేదాకా చూశాడు, తర్వాత బ్యాట్ పైకి ఎగరేశాడు, ఫస్ట్ బేస్ వైపు నెమ్మదిగా నడుస్తూ బాల్ వేసిన పిచర్ వంక చూసి ఏదో అన్నాడు, మాకు వినపడలేదు. ఆ పిచర్ బాబు వీడి క్లాస్‌మేటే, ఏడ్చేశాడు. అంపైర్ వార్నింగ్ ఇచ్చాడు, కోచ్ మిగతా మ్యాచ్ అంతా బెంచ్ మీద కూర్చోబెట్టాడు, వచ్చే శనివారం కూడా మొదట్లో ఆడించనని చెప్పాడు. మా వారు మండిపోతున్నారు, టీవీలో పెద్దోళ్లు చేస్తే చప్పట్లు కొట్టి, పిల్లాడు చేస్తే శిక్షా, మనవాడు కాబట్టే ఇలా చేశారు, లీగ్‌కి కంప్లయింట్ పెడతా అంటున్నారు. మా మామయ్య గారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆయనేమో నిండు కుండ తొణకదురా అని పొద్దున్న సాయంత్రం వాడికి క్లాస్ పీకుతున్నారు. వాడు తలుపేసుకుని కూర్చుంటున్నాడు, గోడ మీదున్న, మా టెక్సాస్ రేంజర్స్ టీంకి ఆడిన అడోలిస్ గార్సియా పోస్టర్ కూడా పీకేశాడు. వాడు చేసింది తప్పా కాదా, నేను ఎవరి వైపు మాట్లాడాలి?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోచ్ ఏమన్నాడో ఉంది, మీ వారు ఏమన్నారో ఉంది, మామయ్య గారి సామెత కూడా ఉంది, కానీ మొదటి హోమ్ రన్ కొట్టినందుకు ఇంట్లో ఎవరైనా వాడి భుజం తట్టారా అన్నది మాత్రం ఎక్కడా కనపడలేదు. లిటిల్ లీగ్ గ్రౌండ్‌లో ఫెన్స్ మామూలుగా 200 అడుగుల దూరంలో ఉంటుంది, 12 ఏళ్ల పిల్లాడు బాల్‌ని అంత దూరం పంపాలంటే ఎన్ని సాయంత్రాలు నెట్‌లో చేతులు పుళ్లు పడేలా కొట్టుంటాడో మీకే తెలుసు, మీరే కదా తీసుకెళ్లి తీసుకొచ్చేది. అలాంటిది శనివారం నుంచి ఇల్లంతా వాడు కొట్టిన దెబ్బ వదిలేసి కొట్టాక చేసిన పని గురించే మాట్లాడుతోంది. ఇవాళ రాత్రి వాడి గదిలోకి వెళ్లి భలే కొట్టావురా అనండి, అని వచ్చేయండి, దాని వెనకాల ఇంకేమీ తగిలించకండి. మిగతా మాటలు రేపు.

ఇక తప్పా కాదా అన్నదానికొస్తే, మీరు రాసినదాన్ని బట్టి వాడు చేసింది ఒక పని కాదు, మూడు పనులు. నిలబడి చూశాడు. బ్యాట్ ఎగరేశాడు. పిచర్ వంక చూసి ఏదో అన్నాడు. మీ వారు మొదటి రెండూ పట్టుకుని వాదిస్తున్నారు, ఆ రెండిటి వరకూ నేను చాలామటుకు ఆయన వైపే. కానీ కోచ్‌కి కోపం తెప్పించింది మూడోదే అయ్యుంటుంది, దాని విషయంలో నేను ఆ ఏడ్చిన పిల్లాడి వైపు.

మనకి ఇది అర్థం కానిదేం కాదు. మన ఊళ్లో కబడ్డీ చూసి పెరిగినోళ్లకి చిందెయ్యడానికీ తొడ కొట్టడానికీ తేడా ఒకళ్లు చెప్పక్కర్లేదు. పాయింట్ తెచ్చి మనోళ్ల మధ్యలోకి ఉరికి గెంతితే అది చిందు, మన సంతోషం మనది, అవతలోడు చూసినా చూడకపోయినా ఒకటే. అవుటై పోతున్నోడి ముందుకెళ్లి తొడ కొడితే మాత్రం అది వాడి కోసమే కొట్టింది, వాడు చూడాలనే కొట్టింది, వాడు చూడకపోతే ఆ చప్పుడుకి అర్థమే లేదు. మీవాడు బ్యాట్ ఎగరేసింది చిందు, పిచర్‌ని చూసి అన్నది తొడ కొట్టడం. రెండూ కలిపి ఒకే తప్పు అని వాడికి చెప్తే వాడు నమ్మడు, నమ్మకపోవడమే కరెక్ట్ కూడా.

అసలు బేస్‌బాల్‌లో దీనికి ఇంత పట్టింపు ఎందుకు, క్రికెట్‌లో సిక్స్ కొట్టి బ్యాట్ ఊపితే ఎవరూ ఏమీ అనరు కదా అని మీ వారు అడుగుతారు, నేనూ ఈ దేశం వచ్చిన కొత్తలో అదే అడిగాను. ఆట నడిచే పద్ధతిలోనే ఉంది జవాబు. క్రికెట్‌లో సిక్స్ పోయిందంటే బౌలర్ వెనక్కి నడిచి బాల్ తీసుకుంటాడు, అర నిమిషంలో ఇంకో బాల్ వేస్తాడు, అదే బ్యాటర్‌కి, లెక్క సరిచేసుకునే ఛాన్స్ అప్పుడే వచ్చేస్తుంది. ఇక్కడ అలా కాదు, హోమ్ రన్ కొట్టినోడు నాలుగు బేస్‌లూ తొక్కుకుంటూ చుట్టూ తిరిగి రావాలి, పెద్దోళ్ల ఆటలో అదో ఇరవై సెకన్ల పైనే, అంతసేపూ పిచర్ గ్రౌండ్ మధ్యలో మట్టి దిబ్బ మీద ఒంటరిగా నిలబడి ఉంటాడు, వాడు చెయ్యడానికి ఏ పనీ లేదు, పోవడానికి చోటు లేదు, అవతలోడు వాడి చుట్టూనే తిరుగుతుంటాడు. ఆ తిరుగుడు ఎలా తిరిగావన్నదే ఈ ఆటలో మర్యాద. లిటిల్ లీగ్‌లో అయితే పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ఉండే ప్లేట్‌కి 46 అడుగులే, ముఖంలో ఏముందో కనపడుతుంది, గొంతు తగ్గించి అన్నా వినపడుతుంది. మీకు స్టాండ్స్‌లో వినపడలేదేమో గానీ ఆ బాబుకి వినపడింది.

పాతకాలంలో అయితే ఆ మర్యాద చాలా గట్టిగా ఉండేది. న్యూయార్క్ యాంకీస్‌లో మికీ మాంటిల్ అని, 536 హోమ్ రన్‌లు కొట్టినవాడు, తల దించుకుని బేస్‌లు చుట్టేవాడు, పిచర్ అప్పటికే బాధలో ఉన్నాడు, ఇంకా నేను వాడిని చిన్నబుచ్చడం దేనికి అన్నది ఆయన లెక్క. మామయ్య గారికి ఈ ముక్క చెప్పండి, చాలా సంతోషిస్తారు. కానీ అందరూ మాంటిల్‌లాగే తిరగాలి అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే ఈ ఆట అమెరికాది మాత్రమే కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో, వెనిజులాలో, క్యూబాలో డప్పులూ ఈలల మధ్య ఆడి పెరిగినోళ్లు ఉన్నారు, గార్సియా క్యూబావాడే. కొరియాలో బ్యాట్ ఎగరేయడం మామూలు విషయం, దానికి వాళ్ల భాషలో ప్పాదన్ అని పేరే ఉంది, బ్యాట్ ఎగిరిందని పిచర్ ఏమీ అనుకోడు. 2020 మే నెలలో లాక్‌డౌన్ టైంలో ఇక్కడ ఆటలన్నీ ఆగిపోతే టీవీలో కొరియా మ్యాచ్‌లు వేసేవాళ్లు, నేను పొద్దున్నే కాఫీ పట్టుకుని చూసేవాడిని, బ్యాట్ అంత ఎత్తు ఎగిరి గిరగిరా తిరిగి పడేది, ఎంత ముచ్చటగా ఉండేదో. ఒక దేశంలో మర్యాద తప్పడం ఇంకో దేశంలో మామూలు సరదా అయినప్పుడు, బ్యాట్ ఎగరేస్తే చాలు చెడ్డ పిల్లాడు అని ఎలా అంటాం?

మీరు డాలస్ వైపు ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. 2015 నుంచి మూడుసార్లు ఈ గొడవ బాగా ముదిరినప్పుడు ఒక పక్కన మీ టెక్సాస్ రేంజర్సే ఉన్నారు. 2015 అక్టోబర్ 14న టొరంటోలో ప్లేఆఫ్ అయిదో గేమ్, ఓడినోళ్లు ఇంటికే. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఏడోదాంట్లో స్కోర్ 3-3 ఉండగా టొరంటో ఆటగాడు హోసే బౌటిస్టా రేంజర్స్ పిచర్ సామ్ డైసన్ బాల్‌ని స్టాండ్స్‌లోకి కొట్టి, కాసేపు అలా చూసి, బ్యాట్‌ని పక్కకి విసిరేశాడు, ఈ రోజుకీ బ్యాట్ ఫ్లిప్ అంటే జనం చూపించే వీడియో అదే. డైసన్‌కి నచ్చలేదు, ఆటకి గౌరవం ఇవ్వాలన్నాడు. పిచర్‌ని కించపరచాలని చేసింది కాదు, ఆ క్షణంలో అలా వచ్చేసింది అని బౌటిస్టా తర్వాత రాశాడు. సరే అక్కడితో అయిపోవాలి కదా, అవలేదు. ఏడు నెలలు కడుపులో పెట్టుకుని 2016 మేలో ఆర్లింగ్టన్‌లో బౌటిస్టా ఒంటికి బాల్ వేసి కొట్టారు, వాడు వెంటనే సెకండ్ బేస్ దగ్గర గట్టిగా స్లైడ్ చేశాడు, రేంజర్స్ ఆటగాడు రౌగ్నెడ్ ఓడోర్ వాడి దవడ మీద ఒక్కటిచ్చాడు, కళ్లద్దాలు ఎగిరిపోయాయి. ఓడోర్‌కి 8 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు, అప్పీల్‌లో 7 అయింది.

2020 ఆగస్ట్‌లో మళ్లీ అదే ఆర్లింగ్టన్. శాన్ డియేగో 10-3తో ముందున్నప్పుడు 21 ఏళ్ల ఫెర్నాండో టాటిస్ జూనియర్ 3-0 కౌంట్‌లో, అంటే పిచర్ మూడు బాల్స్ గతి తప్పి వేశాక, గ్రాండ్ స్లామ్ కొట్టాడు, మూడు బేస్‌ల మీదా మనోళ్లుండగా కొట్టే హోమ్ రన్ అది, అంత ముందున్నప్పుడు ఆ కౌంట్‌లో బ్యాట్ ఊపకూడదని ఎక్కడా రాసిలేని రూల్ ఒకటుందట, దానికి రేంజర్స్ కొత్త పిచర్ వచ్చీ రాగానే తర్వాతి బ్యాటర్ వెనక నుంచి బాల్ విసిరాడు. ఆ పిచర్‌కి 3 మ్యాచ్‌లు, వాళ్ల మేనేజర్‌కి ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడింది. ఇక్కడ టాటిస్ తప్పు నాకు రవ్వంత కూడా కనపడదు, ఎవరినీ ఏమీ అనలేదు, ఆడాడు, అంతే. అవతలోళ్లు ఓడిపోతున్నారని ఆడటం మానేయడమే నా దృష్టిలో వాళ్లని తక్కువ చేయడం.

2023 ఇంకా మీవాడు కళ్లారా చూసుంటాడు, అప్పుడు వాడికి పదేళ్లు కదా. హ్యూస్టన్‌తో ప్లేఆఫ్ సిరీస్ అయిదో గేమ్‌లో గార్సియా హ్యూస్టన్ పిచర్ వెర్లాండర్ బౌలింగ్‌లో, అలవాటులో బౌలింగ్ అని వచ్చేస్తుంది నాకు, మూడు రన్నుల హోమ్ రన్ కొట్టి, బ్యాట్ నేలకేసి కొట్టి, తీరిగ్గా నడిచాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాడు మళ్లీ వస్తే బ్రయాన్ అబ్రెయు వేసిన బాల్ ఒంటికి తగిలింది, రెండు టీములూ గ్రౌండ్‌లోకి వచ్చేశాయి, గార్సియాని కూడా బయటికి పంపేశారు. తొమ్మిదిలో హ్యూస్టన్ ఆటగాడు ఆల్టూవే హోమ్ రన్‌తో రేంజర్స్ 5-4తో ఓడిపోయారు. మరి గార్సియా ఏం చేశాడు? తర్వాతి గేమ్‌లో నాలుగుసార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు, హ్యూస్టన్ జనం గోల గోల చేస్తున్నారు, అయిదోసారి వచ్చి గ్రాండ్ స్లామ్ కొట్టాడు. ఏడో గేమ్‌లో ఇంకో రెండు హోమ్ రన్‌లు. ఆ సిరీస్‌లో మొత్తం 15 రన్‌లు బ్యాటింగ్‌తో తెచ్చాడు, ఒక ప్లేఆఫ్ సిరీస్‌లో అంతకుముందు ఎవరూ అన్ని తేలేదు. ఆ ఏడాదే రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. మీవాడి కళ్లకి అదంతా హీరోయిజమే, ఆ పోస్టర్ వాడంతట వాడు పీకేశాడంటే లోపల ఎంత నలిగాడో చూడండి. దాన్ని మళ్లీ పెట్టమని మీరు అడగొద్దు, పారేయకుండా మాత్రం దాచండి.

మీ వారు టీవీలో పెద్దోళ్లు అన్నది ఇదే కదా. నిజమే, 2018లో పెద్దోళ్ల మేజర్ లీగే స్వయంగా ఒకప్పటి స్టార్ కెన్ గ్రిఫీ జూనియర్‌తో యాడ్ చేయించి, పిల్లల్ని ఆడనివ్వండి అని చెప్పించింది. సెలబ్రేషన్ అమ్ముడుపోతుందని వాళ్లకి తెలుసు, దాన్ని పిల్లలకి చూపించి, పిల్లలు చేస్తే తిట్టడం న్యాయం కాదు. ఆయన కోపంలో ఆ ముక్క కరెక్ట్.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మా పెద్దాడు పిచర్. వాడికి 13 ఏళ్లప్పుడు ఒక మ్యాచ్ చివర్లో అవతలి టీం కుర్రాడు వీడి బాల్‌ని చెట్లలోకి కొట్టాడు, మ్యాచ్ పోయింది. పోతే పోయింది, ఆ కుర్రాడు థర్డ్ బేస్ తిరిగాక వీడి వైపు తిరిగి, ఇంకా ఇదే వేస్తావా అని నవ్వుకుంటూ వెనక్కి నడిచాడు. కారులో గంట ప్రయాణం, వాడు ఒక్క మాట మాట్లాడలేదు, గ్లవ్ ఒళ్లో పెట్టుకుని దాని తాడు విప్పుతూ కడుతూ కూర్చున్నాడు. తర్వాత సీజన్‌కి వాడంతట వాడే కోచ్ దగ్గరికెళ్లి నేను ఫస్ట్ బేస్ ఆడతానన్నాడు. ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, మొన్న సెలవులకి వచ్చినప్పుడు మాటల్లో ఆ మ్యాచ్ వచ్చింది, స్కోర్ ఎంతో గుర్తులేదన్నాడు, బాల్ ఎక్కడ పడిందో కూడా గుర్తులేదు, ఆ మాట మాత్రం అదే గొంతుతో అని చూపించాడు. అది అన్న కుర్రాడికి ఈపాటికి ఏమీ గుర్తుండదు, వాడు చెడ్డవాడని కూడా నేను అనుకోవట్లేదు, 13 ఏళ్లు, ఒళ్లంతా పొంగిపోయుంటుంది.

ఆ రోజు కారు నడుపుతుంటే మళ్లీ ఎప్పుడైనా ఎదురుపడితే ఒకటి లోపలికి వేసి బుద్ధి చెప్పరా అని నా నోటిదాకా వచ్చింది. ఆగాను, ఆగినందుకు ఈ రోజుకీ దేవుడికి దండం పెట్టుకుంటాను. ఎందుకంటే చెల్లెమ్మా, ఈ మొత్తం గొడవలో నాకు అస్సలు మింగుడుపడనిది అదే, బ్యాట్ విసిరినోడి మీదకి బాల్ విసరడం. బ్యాట్ విసిరితే మనసు నొచ్చుకుంటుంది, బాల్ విసిరితే ఎముక విరుగుతుంది. 1920లో రే చాప్‌మన్ అని క్లీవ్‌లాండ్ ఆటగాడికి న్యూయార్క్‌లో తలకి బాల్ తగిలి మర్నాడు పొద్దున్నకి చనిపోయాడు, అప్పుడు హెల్మెట్లు లేవు, కావాలని వేశారని కూడా నేను అనట్లేదు, కానీ ఆ బాల్ ఎంత గట్టిదో మనకి తెలుసు, 2014లో బౌన్సర్ తగిలి చనిపోయిన ఫిల్ హ్యూస్‌ని చూశాక క్రికెట్ వాళ్లకి ఇంకా బాగా తెలుసు. కాబట్టి ఆ టీం వైపు నుంచి గానీ మీ టీం తల్లిదండ్రుల్లో గానీ, నెక్స్ట్ మ్యాచ్‌లో వాడికి ఒకటి తగుల్తుందిలే అని ఎవరైనా నవ్వులాటకి అన్నా ఊరుకోకండి, అప్పుడు మాత్రం మీ వారు నిజంగానే కంప్లయింట్ పెట్టొచ్చు, నేను కూడా సంతకం పెడతాను.

ఇప్పుడు కంప్లయింట్ సంగతి. 2025 జూలైలో న్యూజెర్సీలో ఇలాంటిదే జరిగింది, 12 ఏళ్ల పిల్లాడు లిటిల్ లీగ్ టోర్నమెంట్‌లో హోమ్ రన్ కొట్టి బ్యాట్ పైకి ఎగరేశాడు, అంపైర్ బయటికి పంపాడు, దాంతోపాటు తర్వాతి మ్యాచ్ సస్పెన్షన్. లిటిల్ లీగ్ రూల్స్‌లో బ్యాట్ ఫ్లిప్ చేయకూడదని ఎక్కడుంది, మీరే మీ సోషల్ మీడియాలో ఆ వీడియోలు పెడుతున్నారు కదా అని తండ్రి కోర్టుకెళ్లాడు, మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు జడ్జి సస్పెన్షన్‌ని ఆపుతూ ఉత్తర్వు ఇచ్చాడు, పిల్లాడు ఆడాడు. ఆ తండ్రి చెప్పిన పాయింట్ బలమైనదే, రూల్ రాయకుండా శిక్ష వేస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది. కానీ ఆ పిల్లాడి మొదటి పేరూ ఇంటి పేరూ దేశమంతా పేపర్లలో వచ్చాయి, వాడు పెద్దయ్యాక కూడా పేరు కొడితే అదే వస్తుంది. మీవాడికి అది కావాలా? పైగా మీ కేసులో ఆ మూడో పని ఉంది, ఆ తండ్రికి ఉన్నంత గట్టి పాయింట్ మీ వారికి లేదు.

మనవాడు కాబట్టే అన్నమాట మాత్రం నేను తేలిగ్గా తీసిపారేయను, అలాంటివి జరగవని నేను అనలేను. కాబట్టి కంప్లయింట్ కంటే ముందు ఒక సాయంత్రం కోచ్‌ని విడిగా కలిసి రెండు ప్రశ్నలు అడగండి, మీ వారు కాదు మీరు అడగండి. ఈ సీజన్‌లో ఇంకెవరైనా ఇలా చేశారా, వాళ్లకి కూడా ఇదే శిక్ష వేశారా అని ఒకటి. వాడు పిచర్‌తో ఏమన్నాడో మీరు విన్నారా అని ఇంకోటి. కోచ్ ముఖం చూస్తేనే మీకు సగం తెలిసిపోతుంది. ఇంతకుముందు వేరే పిల్లాడు ఇదే చేస్తే నవ్వి వదిలేశాడని తెలిస్తే అప్పుడు లీగ్‌కి రాయండి, మర్యాదగా, తేదీలతో. లేదంటే ఒక మ్యాచ్‌లో సగం బెంచ్ మీద కూర్చోవడం పెద్ద శిక్షేం కాదు, కూర్చోనివ్వండి. బ్యాట్ ఎగరేయడం వల్ల పిల్లల ఆటలో ఇంకో చిక్కు కూడా ఉంది, వెనకాలే క్యాచర్ ఉంటాడు, అంపైర్ ఉంటాడు, వాళ్ల మీద పడితే ఎవరిది బాధ్యత, కోచ్ ఆ కోణంలో చెప్తే మాత్రం వాదించకండి.

మామయ్య గారి విషయం కొంచెం సున్నితం. ఆయన సామెత మంచిదే, కానీ మొదటిసారి నిండిన కుండ తొణుకుతుంది, తొణకనివ్వాలి. ఆయనకి క్రికెట్ ఇష్టం ఉండుంటుంది కదా, ఆయన చేతే మనవడికి ఈ రెండు కథలూ చెప్పించండి, సామెత కంటే బాగా పనిచేస్తుంది. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్, మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు, తొమ్మిదో వికెట్ పడిపోయింది, సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బాల్స్ కాచుకున్నాడు, తర్వాత ఓవర్లో నితీశ్ బోలండ్‌ని ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు. చేసి ఏం చేశాడు? మోకాలి మీద కూర్చుని, బ్యాట్ నేలకి ఆనించి నిలబెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి, ఆకాశం వైపు చూశాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కళ్లమ్మట నీళ్లు. అంతకంటే పెద్ద షో ఎవరు చేయగలరు చెప్పండి, కానీ ఆస్ట్రేలియా వాళ్లలో ఒక్కడైనా నొచ్చుకున్నాడా? అదే సిరాజ్, మన హైదరాబాదీ, మూడు వారాల ముందు అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ని అవుట్ చేసి చెయ్యి చూపించి డ్రెస్సింగ్ రూంకి పొమ్మన్నాడు, మ్యాచ్ ఫీజులో 20 శాతం ఫైన్ పడింది. సిరాజ్ అంటే నాకు ప్రాణం, అయినా ఆ పని నచ్చలేదు. ఇద్దరూ మనోళ్లే, ఇద్దరూ ఒకే సిరీస్‌లో, తాతయ్య నోటి నుంచి ఇది వింటే వాడికి ఎక్కడ తేడా వచ్చిందో వాడే పట్టుకుంటాడు. మా తాతయ్య నన్ను తిట్టట్లేదు అని కూడా మొదటిసారి అనిపిస్తుంది.

వాడు అడగొచ్చు, కోహ్లీ చేయలేదా అని, అడుగుతాడు కూడా. 2019 డిసెంబర్‌లో ఉప్పల్ స్టేడియంలో కెస్రిక్ విలియమ్స్‌ని కొట్టి నోట్‌బుక్‌లో టిక్ పెట్టినట్టు చేశాడు, జనం ఊగిపోయారు, నేనూ ఇక్కడ సోఫా మీంచి లేచి అరిచాను. అంతకుముందు జమైకాలో విలియమ్స్ వీడిని అవుట్ చేసి అదే చేశాడు, దానికి బదులు అన్నమాట. పెద్దోళ్లు, సమానంగా ఉన్నవాళ్లు, ఒకరికొకరు బాకీ తీర్చుకున్నారు, ఆట అయ్యాక చేతులు కలుపుకున్నారు. మీవాడికీ ఆ పిచర్ బాబుకీ మధ్య అలాంటి పాత లెక్క ఏమైనా ఉందేమో కనుక్కోండి. క్లాస్‌మేట్లు అన్నారు కదా, స్కూల్లో ఏదైనా జరిగిందా, ఆ అబ్బాయి వీడిని ఎప్పుడైనా ఏడిపించాడా, ఇండియన్ అని ఏమైనా అన్నాడా? పన్నెండేళ్ల పిల్లాడు ఊరికే పోయి క్లాస్‌మేట్‌ని అలా అనడు, ఏదో ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఉంటే అది వేరే మాట, దాన్ని బేస్‌బాల్ మర్యాదతో కలపకండి, స్కూల్‌తో మాట్లాడాల్సింది అప్పుడు మీరే.

ఏమీ లేదంటే, వాడు ఆ అబ్బాయితో మాట్లాడాలి. మీరు చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి గుమ్మంలో నిలబెట్టి సారీ చెప్పించొద్దు, అది ఇద్దరు పిల్లలకీ శిక్షే. స్కూల్లో లంచ్ దగ్గరో బస్ దగ్గరో వాడే చెప్పాలి, పెద్ద స్పీచ్ అక్కర్లేదు, హోమ్ రన్ కొట్టినందుకు సారీ అసలే అక్కర్లేదు, బ్యాట్‌కి కూడా అక్కర్లేదు. నేను నీతో అలా అనకుండా ఉండాల్సింది అంటే చాలు. ఆ అబ్బాయి ఓకే అనకపోతే అనకపోనీ.

ఇంకొకటి, ఇది మర్యాద గురించి కాదు, ఆట గురించి, వాడు దీన్ని మీకంటే శ్రద్ధగా వింటాడు. బాల్ ఫెన్స్ దాటేదాకా పరిగెత్తమనండి. 2019 ప్లేఆఫ్స్‌లో అట్లాంటా ఆటగాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్ హోమ్ రనే అనుకుని చూస్తూ నిలబడ్డాడు, బాల్ గోడకి తగిలి లోపలే పడింది, రెండు బేస్‌లు రావాల్సింది ఒకటే వచ్చింది, ఆ మ్యాచ్ వాళ్లు ఒక్క రన్‌తో ఓడిపోయారు. 2010లో కెండ్రిస్ మొరాలెస్ మ్యాచ్ గెలిపించే గ్రాండ్ స్లామ్ కొట్టి హోమ్ ప్లేట్ మీదకి ఎగిరి దూకాడు, కాలు విరిగింది, ఆ సీజన్ మిగతాదీ ఆ తర్వాత ఏడాది మొత్తం పోయాయి. 1999లో రాబిన్ వెంచురా గ్రాండ్ స్లామ్ కొడితే టీం వాళ్లే ఆనందం పట్టలేక దారిలో మీద పడిపోయారు, నాలుగు బేస్‌లూ తొక్కలేదని రికార్డుల్లో ఒక్క బేస్ దెబ్బ, సింగిల్‌గానే రాసుకున్నారు. చిందెయ్యాలంటే ముందు ప్లేట్ తొక్కాలి, తొక్కి డగౌట్‌లోకి వెళ్లాక వాళ్లోళ్ల మధ్యలో ఎంత గెంతినా ఎవరూ ఏమీ అనరు, కోచ్ కూడా గెంతుతాడు.

మీరు ఎవరి వైపు మాట్లాడాలి అని అడిగారు. మీ వారితో మాట్లాడేటప్పుడు కోచ్ వైపు, మామయ్య గారితో మాట్లాడేటప్పుడు మీవాడి వైపు, మీవాడితో మాట్లాడేటప్పుడు ఆ పిచర్ బాబు వైపు. కష్టమే, కానీ మీ ఇంట్లో ముగ్గురికీ అవతలి వైపు నుంచి చెప్పడానికి మీరు తప్ప ఎవరూ లేరు. వచ్చే శనివారం వాడు బెంచ్ మీద కూర్చున్నప్పుడు మీ వారు కారు పార్కింగ్‌లో తిరక్కుండా స్టాండ్స్‌లోనే కూర్చోవాలి, వాడు తల తిప్పి చూస్తే కనపడేచోట.

అన్నట్టు, ఆ బాల్ ఏమైంది? ఫెన్స్ అవతల ఎవరైనా పిల్లలు వెతికి తెచ్చే ఉంటారు, మామూలుగా మొదటి హోమ్ రన్ బాల్ కొట్టినోడికే ఇస్తారు, ఈ గొడవలో ఎవరి బ్యాగ్‌లోనో ఉండిపోయుంటుంది. కోచ్‌ని కలిసినప్పుడు అడిగి తీసుకోండి, దాని మీద తేదీ మామయ్య గారి చేత తెలుగులో రాయించి వాడి బల్ల మీద పెట్టండి.